తలుపు తట్టకుండా చూసే చూపు

 

వనపర్తిలో అసర్ నమాజు తర్వాత పిల్లలకు ఖుర్ఆన్ పాఠం చెబుతుంటాను. ఒకరోజు తొమ్మిదేళ్ళ అబ్బాయి పక్కవాడి చెవిలో ఏదో చెబుతున్నాడు. సబఖ్ గురించి కాబోలనుకున్నాను. "ఏమిటి బేటా?" అని అడిగితే, "ఏం లేదు హజ్రత్! ఆ హీరోకు, వాళ్ళావిడకు విడాకులట. ఎందుకో నాకు తెలుసు" అన్నాడు. ఎవరు చెప్పారని అడిగాను. "టీవీలో చెప్పారు. మా నానీ కూడా చూసింది" అన్నాడు. వాణ్ణి గట్టిగా మందలించాను.

అదేరోజు మగ్రిబ్ తర్వాత చాయ్ హోటల్లో కూర్చున్నాను. గోడ మీది టీవీలో అదే వార్త వస్తోంది. చాయ్ అయిపోయింది, నేను మాత్రం లేవలేదు. ఆ తర్వాత ఏం చెబుతారోనని చూస్తున్నానన్న సంగతి కాసేపటికి గాని నాకు తెలిసిరాలేదు. అల్లాహ్ నన్ను క్షమించుగాక! ఈ నాలుగు మాటలు రాయడానికి కారణం ఆ సాయంత్రమే.

నాగర్‌కర్నూల్‌లో ఒక సోదరుడు జుమా నమాజు తర్వాత నన్ను ఆపి అడిగిన ప్రశ్న కూడా ఇలాంటిదే. "మౌల్సాబ్! మా ఇంట్లో సినిమాలు పెట్టం, పాటలు పెట్టం. వార్తలే చూస్తాం. వార్తల్లో వచ్చేది పిల్లలు చూస్తే తప్పేముంది?" అన్నారు. మంచి మనసుతో అడిగిన ప్రశ్న. మనలో చాలామంది ఇళ్ళలో పరిస్థితి ఇదే. అసలు చిక్కు కూడా ఇక్కడే ఉంది. 2004లో ఇరవై నాలుగు గంటల తెలుగు వార్తా ఛానల్ మొదలైంది. దాని వెనుకే మరెన్నో వచ్చాయి. రోజంతా చూపించడానికి వార్తలు ఎక్కడినుంచి వస్తాయి? కాబట్టి ఒకరి పెళ్ళి, ఇంకొకరి విడాకులు, ఎవరి ఇంటి ముందు ఎవరి కారు ఆగిందనేది కూడా వార్తే అయింది. మనం వార్తలని పెడుతున్నాం, పిల్లలు వింటున్నది మాత్రం పరుల పడకగది ముచ్చట్లు.

దివ్య ఖుర్ఆన్‌లోని నూర్ సూరా 58వ ఆయత్‌ను ఒకసారి గుర్తుచేసుకోండి. యుక్తవయసు రాని పిల్లలు కూడా మూడు వేళల్లో పెద్దల గదిలోకి వచ్చే ముందు అనుమతి తీసుకోవాలని అల్లాహ్ అందులో ఆదేశించాడు. ఫజ్ర్ నమాజుకు ముందు, మధ్యాహ్నం బట్టలు సడలించుకునే వేళ, ఇషా నమాజు తర్వాత. ఎవరి గదిలోకి? పరాయివారి గదిలోకి కాదు, స్వయంగా తమ తల్లిదండ్రుల గదిలోకి! ఆ వయసు పిల్లలపై నమాజు కూడా ఇంకా విధి కాలేదు. అయినా తలుపు దగ్గర ఆగడం మాత్రం వారికి నేర్పమన్నాడు. కన్నతల్లి గది ముందు ఆగాల్సిన పిల్లవాణ్ణి మనం ముక్కూమొహం తెలియని దంపతుల గదిలోకి రిమోట్‌తో పంపిస్తున్నాం.

హజ్రత్ సహల్ బిన్ సఅద్ (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. దైవప్రవక్త (సఅసం) తమ ఇంట్లో ఇనుప దువ్వెనతో తల గోక్కుంటున్నారు. ఒక వ్యక్తి తలుపు కంతలోంచి లోపలికి తొంగి చూశాడు. అతను చూస్తున్నాడని ముందే తెలిసి ఉంటే ఆ దువ్వెనతో కన్ను పొడిచేవాణ్ణని ఆయన (సఅసం) తీవ్రంగా అన్నారు. అనుమతి అడగాలనే నియమం పెట్టిందే చూపు కోసమని వివరించారు. ఎంతటి దయామయులు! అంతటివారు అంత కఠినంగా ఎందుకు మాట్లాడారో ఆలోచించండి. ఆ మనిషి దొంగతనం చేయలేదు, ఎవరినీ కొట్టలేదు. చూశాడు, అంతే.

ఇది సినిమావాళ్ళ గొడవ, మనకెందుకు అనుకునేవారు 2010 ఏప్రిల్‌ను గుర్తుచేసుకోవాలి. హైదరాబాద్‌లో టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జా పెళ్ళి సమయంలో ఆ ఇంటి ముందు కెమెరాలు రోజుల తరబడి కాపు కాశాయి. నికాహ్, తలాఖ్, నికాహ్‌నామా అనే మాటలు మన మక్తబ్‌లలో కాక టీవీ అడుగున పరుగెత్తే అక్షరాలలో మన పిల్లలు నేర్చుకున్నారు. అదీ ఎగతాళితో కలిపి. ఏప్రిల్ 12న పెళ్ళి జరిగింది. 2024 జనవరిలో వారు విడిపోయినట్టు తెలిసినప్పుడు ఊహాగానాలు చేయవద్దని, ఆమె ఏకాంతాన్ని గౌరవించాలని కుటుంబసభ్యులే ప్రకటనలో కోరారు. ఒక ముస్లిం ఇల్లు తలుపు వేసుకుని లోపలినుంచి చేసిన విన్నపం అది. ఎంతమందిమి విన్నాం? ఆ వివరాలను నేనిక్కడ తిరగదోడను. అలా చేస్తే ఈ వ్యాసం కూడా ఆ కంతల్లో ఒకటవుతుంది.

మరణించినవారిని కూడా వదల్లేదు. 2018 ఫిబ్రవరిలో నటి శ్రీదేవి దుబాయ్‌లో చనిపోయినప్పుడు ఒక తెలుగు ఛానల్ విలేకరి స్వయంగా బాత్‌టబ్‌లోకి దిగి ఎలా చనిపోయి ఉంటారో నటించి చూపించాడు. మయ్యిత్‌కు స్నానం చేయించేటప్పుడు మనం గుడ్డ కప్పుతాం. స్నానం చేయించినవారు తాము చూసిన లోపాన్ని బయట చెప్పకూడదు. ఈ అదబును పిల్లవాడికి ఎన్నేళ్ళు నేర్పితే ఆ దృశ్యం చెరిగిపోతుంది? ఒక యూదుని శవయాత్ర వెళుతుంటే దైవప్రవక్త (సఅసం) లేచి నిలబడ్డారు. అతను యూదుడు కదా అని సహచరులు అంటే, అతనిదీ ఒక ప్రాణం కాదా అన్నారు.

ముస్లిమేతరుల గురించి మాట్లాడుకుంటే గీబత్ (పరోక్షనింద) కాదని కొందరంటారు. ఇది సరికాదు. మన దేశంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఫిఖ్‌లోని దుర్రె ముఖ్తార్ గ్రంథం ముస్లిం పాలనలో రక్షణ పొందిన ముస్లిమేతరుని గీబత్ కూడా ముస్లిం గీబత్‌లాగే నిషిద్ధమని చెబుతుంది. అయితే నాయకుల అవినీతి, జరిగిన అన్యాయం, మోసగాళ్ళ గురించిన హెచ్చరిక వేరే విషయం. అటువంటి అవసరాలకు ధర్మవేత్తలు అనుమతి ఇచ్చారు. ఒక నటి కాపురం ఆ కోవలోకి రాదు.

వదంతి వినబడిన ఇల్లు ఎలా ఉండాలో మదీనా ఇళ్ళను చూసి నేర్చుకుందాం. బనూ ముస్తలిఖ్ యుద్ధయాత్ర నుంచి తిరిగి వస్తున్నప్పుడు విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి)పై కపటులు అపనింద వేశారు. దాదాపు నెలరోజులు ఆ మాట ఊరంతా తిరిగింది. హజ్రత్ జైనబ్ బింతె జహష్ (రజి) ఆమెకు సవతి. మామూలు ఆడవారైతే ఆ సమయాన్ని వదులుకుంటారా? దైవప్రవక్త (సఅసం) అడిగినప్పుడు ఆమె తన చెవిని, కంటిని కాపాడుకుంటానని, ఆయిషాలో మంచి తప్ప మరేమీ ఎరగనని చెప్పారు. నోటి గురించి కాదు, చెవి, కన్ను గురించి చెప్పారు, గమనించండి. ఆమె సొంత చెల్లెలు హమ్నా (రజి) మాత్రం ఆ మాటలో పడిపోయారు. ఒకే తల్లి బిడ్డలు!

హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట్లో భార్య ఆ మాట ఎత్తారు. ఆయన ఆ మాటను లాగి సాగదీయలేదు. అలాంటి పని నువ్వు చేస్తావా అని ఆమెనే అడిగారు. చేయనని ఆమె అన్నారు. ఆయిషా నీకన్నా ఉత్తమురాలు కదా అన్నారు. అంతటితో ఆ ఇంట్లో వదంతి ఆగిపోయింది. జనం దాన్ని తేలికైన సంగతి అనుకున్నారని, తన దగ్గర అది చాలా పెద్ద సంగతి అని తర్వాత అల్లాహ్ అదే నూర్ సూరాలో హెచ్చరించాడు.

ఇక ఇంటి విషయం. గద్వాలలో పత్తి విత్తన చేలల్లో పొద్దంతా వంగి పనిచేసి వచ్చిన తల్లి వంట చేసుకునే వేళ, పిల్లవాడు టీవీ ముందు కూర్చుంటే ఆమెకు ఆ అరగంటే విశ్రాంతి. ఆమెను నిందించడానికి నాకు నోరు రాదు. తండ్రులు ఇషా దాకా సెంటర్‌లో ముచ్చట్లు పెట్టకుండా ఆ అరగంట ఇంట్లో ఉంటే ఆ టీవీ అవసరమే పడదు. ప్రభుత్వ నియమాలు లేవా అంటే ఉన్నాయి. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నియమావళిలోని 6వ నియమం ప్రకారం, పిల్లలకు తగని కార్యక్రమాలను వారు ఎక్కువగా చూసే వేళల్లో ప్రసారం చేయకూడదు. అర్ధసత్యాలు, దెప్పిపొడుపులూ కూడదు. కానీ మన ఇంటి కాపరులం మనమే. ఇప్పుడు టీవీ ఒక్కటే కాదు, యూట్యూబ్‌తో అదే సరుకు సెల్‌ఫోన్‌లో పిల్లవాడి పక్క మీదికే వచ్చింది. దానికి ప్రసార వేళలు కూడా లేవు. పిల్లవాడు అలాంటిది చూసి వచ్చి అడిగితే కసరకండి. నేను చేసిన తప్పు అదే. అబూ అయ్యూబ్ (రజి) అడిగినట్టు అడగండి. "మన ఇంటి గురించి అలా టీవీలో చెబితే మీ అమ్మీకి ఎలా ఉంటుంది?" అంటే చాలు.

నా మక్తబ్‌లో పిల్లలకు ఆ 58వ ఆయత్ నేర్పాను. వారం తర్వాత ఆ అబ్బాయి నానీ దారిలో కనబడి, "మౌల్సాబ్, మా వాడికి ఏం చెప్పారు? నేను టీవీ పెట్టగానే బయటికి వెళ్ళి తలుపు తట్టి, రావచ్చా అంటున్నాడు" అని నవ్వింది. వాడు ఉన్నంతసేపు ఆ కార్యక్రమాలు పెట్టడం మానేశానంది. వాడు పడుకున్నాక చూస్తున్నానని కూడా తనే ఒప్పుకుంది. నేనేమీ అనలేదు. చాయ్ హోటల్ సంగతి నాకు గుర్తుంది.