ఇంజను వేడి, అనుమాన ప్రమాణం

కార్యం కంటికి కనిపిస్తుంది, కారణం దాగి ఉంటుంది. కనిపించేదాన్ని పట్టుకుని కనిపించనిదాన్ని నిశ్చయంగా తెలుసుకోవడం ఎలా అన్నది న్యాయదర్శనం పట్టి చూసిన ప్రశ్న. పుదుచ్చేరికి దక్షిణాన ఉన్న బాహూరుకు ఇలాంటి ప్రశ్నలతో పాత చుట్టరికం ఉంది. 9వ శతాబ్దంలో పల్లవరాజు నృపతుంగవర్మ ఎనిమిదో పాలనా సంవత్సరంలో అక్కడి విద్యాస్థానానికి మూడు గ్రామాలు దానంగా అందాయని సంస్కృత, తమిళ భాషల్లో చెక్కిన బాహూరు రాగిరేకులు చెబుతున్నాయి. సంప్రదాయం లెక్కపెట్టే 14 విద్యాస్థానాల్లో, అంటే విద్యాశాఖల్లో, న్యాయం ఒకటి. ఆ శాస్త్రాన్నే 17వ శతాబ్దంలో ఆంధ్రుడైన అన్నంభట్టు ‘తర్కసంగ్రహం’గా చిన్న పుస్తకంలోకి తెచ్చాడు. ఎండాకాలం బాహూరు రోడ్డు మీద కారు కాగి ఆగిపోతే, బానెట్ ఎత్తినవారికి ఆ తర్కం ఈనాటికీ పనికొస్తుంది.

ముందు వస్తువు స్వభావం తెలియాలి. పెట్రోలు మండి పుట్టే వేడిలో సుమారు మూడో వంతును కూలెంటు మోసుకుపోవాలి. వాటర్ పంపు దాన్ని ఇంజను చుట్టూ తిప్పుతుంది. తగినంత వేడెక్కగానే థర్మోస్టాట్ తెరుచుకుని రేడియేటర్‌లోకి వదులుతుంది. అక్కడ గాలి తగిలి కూలెంటు చల్లబడుతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు ఆ గాలిని ఫ్యాను ఇస్తుంది. రేడియేటర్ మూత లోపల ఒత్తిడి నిలిపి, కూలెంటు 100 డిగ్రీలు దాటినా మరగకుండా కాపాడుతుంది. వీటిలో ఏది చెడినా పైకి కనిపించేది ఒకటే: బోర్డు మీద ముల్లు ఎర్రగీత వైపు పోతుంది.

న్యాయం చెప్పే ప్రమాణాల్లో, అంటే తెలుసుకునే మార్గాల్లో, మొదటిది ప్రత్యక్షం. దానికీ పరీక్ష కావాలి. కూలెంటు బాగా కారిపోతే సెన్సరు ద్రవంలో మునగదు. అప్పుడు ఇంజను మండిపోతున్నా ముల్లు కిందికి దిగవచ్చు. దాన్ని చూసి ఊరట పడితే అది భ్రమ. ముల్లు ఎక్కగానే ఏసీ ఆపి, బండి పక్కకు తీసి, ఇంజను ఆపాలి. మూత వెంటనే తిప్పకూడదు. ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి, సలసల కాగే కూలెంటు ముఖం మీదికి చిమ్ముతుంది. ఇంజను పూర్తిగా చల్లారాక, మూత మీద మందపాటి గుడ్డ వేసి మెల్లగా తిప్పాలి. కాలిన ఇంజను మీద చన్నీళ్లు పోస్తే లోహం పగలవచ్చు.

రెండోది అనుమానం. కొండ మీద పొగ చూసి నిప్పుందని తెలుసుకోవడం దీనికి శాస్త్రం ఇచ్చే ఉదాహరణ. పొగ ఉన్నచోట నిప్పు ఉండటం వంటింట్లో పదేపదే చూసిందే. ఈ విడదీయరాని తోడే వ్యాప్తి. దాన్ని తిరగేస్తే చెల్లదు. నిప్పున్న చోటల్లా పొగ ఉండాలంటే, ఎర్రగా కాలిన ఇనుప గుండు అడ్డొస్తుంది. దానిలో నిప్పుంది, పొగ లేదు. పొగ రావడానికి నిప్పుతోపాటు తడి కట్టె ఉండాలి. ఇంజను దగ్గర జరిగే తప్పూ ఇదే. కూలెంటు తగ్గితే ఇంజను వేడెక్కుతుంది. అందుకని వేడెక్కిన ప్రతిసారీ కూలెంటే తగ్గిందనుకుని నీళ్లు పోసి బయల్దేరితే, ఆగిపోయిన ఫ్యాను ఆగిపోయినట్టే ఉంటుంది.

ఎండను నిందించడం మరో పొరపాటు. కుండకు మట్టి మోసిన గాడిదను కుండకు కారణంగా లెక్కించరు. దాన్ని అన్యథాసిద్ధం అంటారు. అదే ఎండలో పక్కనుంచి ఎన్నో కార్లు సాఫీగా పోతున్నాయి కనుక ఎండ ఒక్కటే కారణమయ్యే వీలు లేదు.

హేతువుకు, అంటే కారణాన్ని పట్టించే గుర్తుకు, బలం సందర్భాన్ని బట్టి వస్తుంది. ట్రాఫిక్‌లో వేడెక్కి, వేగం అందుకోగానే చల్లబడితే చూపు ఫ్యాను వైపు పోవాలి: ఫ్యూజు, రిలే, మోటారు. వేగంగా పోతున్నప్పుడే వేడెక్కితే రేడియేటర్ పూడికనో పంపునో అనుమానించాలి. కూలెంటు బదులు ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోస్తే ఉప్పు పొర కట్టి సన్నని గొట్టాలు మూసుకుపోతాయి. పొగగొట్టం నుంచి తియ్యటి వాసనతో తెల్లటి పొగ ఆగకుండా రావడం, ఆయిలు పాలు కలిపిన టీ రంగులోకి మారడం హెడ్ గ్యాస్కెట్ పోయిందనడానికి గట్టి గుర్తులు.

కొన్ని హేతువులు రెండు మూడు చోట్లకు దారి చూపుతాయి. ఇంజను కాగుతున్నా రేడియేటర్ కింది హోసు చల్లగా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోలేదని తోస్తుంది. పంపు ఆడకపోయినా అలాగే ఉంటుంది. ఇది సవ్యభిచారం, నిశ్చయం ఇవ్వని హేతువు. సందేహం తీరాలంటే థర్మోస్టాట్ విప్పి, దారానికి కట్టి, పొయ్యి మీది గిన్నెలో నీళ్లలో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి కాచాలి. దాని మీద 82 అని ముద్ర ఉంటే, ఆ వేడి దగ్గర కవాటం కదలడం మొదలవ్వాలి. నీళ్లు మరిగినా కదలకపోతే దోషం తేలినట్టే. వ్యాప్తిని చూపిన వంటిల్లే ఇక్కడ పరీక్షకూ చోటవుతుంది.

మార్చడంతో పని సగమే అయింది. కారణం ఉంటే కార్యం ఉండటం అన్వయం, కారణం తీసేస్తే కార్యం పోవడం వ్యతిరేకం. కొత్త థర్మోస్టాట్ బిగించి, కూలెంటు నింపి, లోపల చిక్కిన గాలి తీసి, బండిని అదే రోడ్డు మీద అదే ఎండలో నడపాలి. ముల్లు మధ్యలో నిలిస్తేనే అనుమానం రుజువైనట్టు. మూడు భాగాలు ఒకేసారి మార్చేస్తే బండి బాగుపడవచ్చు గాని ఏది దోషమో తెలియకుండానే పోతుంది.

గౌతముడి న్యాయసూత్రాలు ఈ తర్కాన్ని మోక్షం దాకా తీసుకెళ్తాయి. దుఃఖానికి జన్మ, జన్మకు ప్రవృత్తి, ప్రవృత్తికి రాగద్వేషాది దోషాలు, వాటికి మిథ్యాజ్ఞానం కారణం. చివరిది తొలగితే దాని మీద నిలిచినవన్నీ వరుసగా తొలగుతాయి. ఇంజనులోనూ గొలుసు ఉంది: గ్యాస్కెట్ పోవడానికి వేడి, వేడికి కూలెంటు తగ్గడం, తగ్గడానికి హోసుకు పడిన సన్నని చిల్లు. గ్యాస్కెట్ మార్చి చిల్లును వదిలేస్తే కొత్త గ్యాస్కెట్టూ పోతుంది. దుఃఖం విషయంలోనైనా యంత్రం విషయంలోనైనా, మూలం దాకా పోని చికిత్స చికిత్స అనిపించుకోదు.