ప్రభుత్వమును అడుగుట, దేవునియందు నిరీక్షించుట



ఎన్నికల కాలము వచ్చినప్పుడెల్ల మన సంఘములలో 146వ కీర్తన బయటికి వచ్చును. అధికారములో ఉన్నవారిని నమ్ముకొని కూర్చుండవద్దని కీర్తనకారుడు అక్కడ హెచ్చరించుచున్నాడు. వారును మనవంటి మంటి మనుష్యులే. ఊపిరి పోయిన దినముననే వారు తలపెట్టినవన్నియు వారితో కూడ పోవునని ఆయన చెప్పు కారణము. ఈ మాట వినగానే కొందరు తలయూపి, "కాబట్టి మనకు ఓటుతో పనిలేదు, అర్జీలతో పనిలేదు, ప్రభువే చూచుకొనును" అందురు. మరికొందరు ఆదివారమున ఈ కీర్తనకు ఆమేన్ చెప్పి, సోమవారమునుండి తమ బ్రదుకంతయు ఫలానా నాయకుడు గెలుచుటలోనే ఉన్నదన్నట్లు తిరుగుదురు. మొదటివారిని భక్తిపరులనియు, రెండవవారిని లోకస్థులనియు అనుకొనుట మన వాడుక. నాకు మాత్రము ఇరువురును కీర్తనను సగమే చదివినట్లు తోచుచున్నది.

మిగిలిన సగమును చూడుడి. నరులను నమ్మవద్దన్న తరువాత యెహోవా చేయు పనులను ఆయన వరుసగా లెక్కించుచున్నాడు. అన్యాయము నొందినవారికి న్యాయము, ఆకలిగొన్నవారికి తిండి, చెరలో ఉన్నవారికి విడుదల, గ్రుడ్డివారికి చూపు, పరదేశులకు కాపుదల, తండ్రిలేని పిల్లలకును విధవరాండ్రకును ఆదరణ. రేషను బియ్యమనియు, వితంతు పింఛను అనియు, కోర్టు తీర్పు అనియు మనము నేడు చెప్పుకొను సంగతులకు ఇవి ఎంతో దగ్గరివి. కాబట్టి కడుపు నిండుటయు న్యాయము దొరకుటయు ఆత్మీయులకు తగని తక్కువ సంగతులని చెప్పు బోధకుడు ఈ కీర్తనకు విరోధముగా బోధించుచున్నాడు. దేవుడిచ్చు విడుదలలో అవియు చేరియున్నవి. అయితే అవి ఒక అధికారి చేతిగుండ మనకు వచ్చినప్పుడును, రానప్పుడును మన నిరీక్షణ ఎక్కడ నిలిచియుండవలెను? నేను విచారింపగోరునది ఇదియే.

ఊరక మాటలతో చెప్పుటకంటె మన తెలుగు సంఘముల చరిత్రలోని యొక సంగతితో చెప్పుట మేలు. 1876 నుండి 1878 వరకు చెన్నపట్నం రాజధానిలో ఘోరమైన కరువు కలిగెను. ధాత సంవత్సరమున మొదలైనది గనుక మన పెద్దలు దానిని ధాత కరువు అనిరి. దేశమంతటిమీద యాభై లక్షలకు పైగా జనులు చనిపోయిరని చరిత్రకారులు అంచనా వేయుదురు. ఆ కరువు నడుమనే, 1877 జనవరి 1వ తేదీన, లిట్టన్ ప్రభువు ఢిల్లీలో గొప్ప దర్బారు చేసి విక్టోరియా రాణిని ఇండియాకు చక్రవర్తినిగా చాటించెను. ఆ సంవత్సరపు తొలి దినములలోనే సర్ రిచర్డ్ టెంపుల్ అను అధికారి చెన్నపట్నమునకు వచ్చి, కరువు పనులు చేయు కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యపు వెలయు, దానిమీద ఒక అణాయు చాలునని నిర్ణయించెను. మట్టి మోయు మనిషికి అది చాలదని డాక్టర్ కార్నిష్ అను వైద్యాధికారి గట్టిగా వాదించెను. కొన్ని నెలలు గడచిన తరువాతనే కూలి పెంచిరి. ఆ నడిమి నెలలలో ఎముకల గూళ్లయిన కూలివారిని తలంచుకొనినయెడల, అధికారులను నమ్మవద్దన్న కీర్తనకు వేరు వ్యాఖ్యానము అక్కరలేదు.

అప్పటికి అమెరికను బాప్టిస్టు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు ఒంగోలులో పదేండ్లుగా పనిచేయుచుండిరి. ఒంగోలులోని క్లౌపేటకు ఆ పేరు వారివలననే వచ్చినది. వారి సంఘస్థులలో బహుమంది మాదిగలు. వాన లేని యేట ముందుగా పొయ్యి ఆరిపోవునది కూలి జనుల యింటనే గదా. ఆ దినములలో ప్రభుత్వము సముద్రతీరము వెంట బకింగ్‌హాము కాలువను కరువు పనిగా త్రవ్వించుచుండెను. క్లౌ దొరగారు అందులో మూడున్నర మైళ్ల పనిని కంట్రాక్టుకు తీసికొనిరి. తమ బోధకులనే పనిమీద పెద్దలుగా నిలిపిరి. వేలకొలది జనులు అక్కడ మట్టి త్రవ్వి, తట్టలు మోసి, కూలి తెచ్చుకొని ప్రాణములు నిలుపుకొనిరి. అలసి కూర్చున్న వేళలలో బోధకులు వారికి వాక్యము చెప్పుచుండిరి.

దర్బారు చేసిన దొరతనపు కాలువే గదా అని క్లౌ గారు దానిని త్రోసివేయలేదు. దేవుడే పోషించునని చెప్పి ఆకలిగొన్నవారిని ఊరక ప్రార్థనకు కూర్చుండబెట్టనులేదు. అయితే ఆయన చేసిన మరియొక పని కలదు. కరువు కాలములో బాప్తిస్మము కోరి వచ్చినవారిని ఏడాదికి పైగా ఆపి ఉంచిరి. కూటికొరకు వచ్చినవారెవరో, క్రీస్తుకొరకు వచ్చినవారెవరో తెలియవలెనని ఆయన ఉద్దేశము. కరువు సహాయము ముగిసిన తరువాత, మీకిచ్చుటకు ఇక మాయొద్ద ఏమియు లేదని చెప్పిరి. జనులు తిరిగిపోలేదు. తమకు సొమ్ము అక్కరలేదనియు, తాము కష్టపడి బ్రదుకువారమనుటకు తమ చేతుల బొబ్బలే సాక్ష్యమనియు, వచ్చు పంటయు పోయినయెడల చావు తప్పదు గాని క్రైస్తవులమై చావగోరుచున్నామనియు వారు చెప్పినట్లు ఆయన వ్రాసియుంచిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇద్దరేసి తెలుగు బోధకులు వంతులవారీగా నీటిలో దిగి వారికి బాప్తిస్మమిచ్చిరి.

ఆ సంఖ్యను మన పండుగ ప్రసంగములలో అతిశయముతో చెప్పుకొందుము. నాకు మాత్రము సంఖ్యకంటె ఆ కూలివారి మాట గొప్పదిగా కనబడుచున్నది. వచ్చు పంట తప్పక పండునని వారు అనలేదు. బాప్తిస్మము పొందినచో కరువు మరల రాదని లెక్క కట్టనులేదు. కాలువ పని అనేకుల ప్రాణము నిలిపెను. అందుకు కృతజ్ఞులైయుండుట న్యాయమే. కాని కాలువ పని ముగిసిన మరునాడు కూడ మిగిలియుండు నిరీక్షణ వారికి వేరొకచోట దొరకెను.

ప్రభుత్వమువలన మేలు లేదని చెప్పుట కృతఘ్నత యగును. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో దివిసీమయు దాని చుట్టుపట్లను పదివేలమంది సముద్రము పాలైరి. 1990 మే నెలలో మరల అంత బలమైన తుపాను కోస్తా మీద పడినప్పుడు, ముందుగా హెచ్చరించి లక్షలమందిని తరలించినందున మృతుల సంఖ్య వేయిలోపుననే ఆగెను. లారీ తెచ్చి మనలను ఎక్కించుకొనిపోయిన గుమాస్తా కూడ రోమా పత్రిక 13వ అధ్యాయము చెప్పు దేవుని పరిచారకుడే. వాడు పిలిచినప్పుడు లారీ ఎక్కనివాని విశ్వాసమును నేను మెచ్చుకొనను. పరిచారకునికి మర్యాదయు పన్నును చెల్లింతము. పరిచారకుని యజమానునిగా ఎంచుట మాత్రము వేరు.

అడుగుటయే అవిశ్వాసమని తలంచువారు ఎజ్రాను చూపుదురు. అర్తహషస్త రాజు ఏలుబడి ఏడవ సంవత్సరమున ఎజ్రా వెండి బంగారములతోను పిల్లలతోను యెరూషలేమునకు బయలుదేరెను. అది నాలుగు నెలల ప్రయాణము, దారిలో దొంగల భయము. అయినను, మా దేవుడు తన్ను వెదకువారిని కాపాడునని రాజుతో ముందే చెప్పియున్నందున, సైనికులను అడుగుటకు సిగ్గుపడి, అహవా నదియొద్ద ఉపవాసముండి బయలుదేరెను. మంచిదే. అయితే పదమూడేండ్ల తరువాత అదే రాజునొద్ద నుండి నెహెమ్యా వచ్చినప్పుడు సేనాధిపతులును గుఱ్ఱపు రౌతులును వెంట వచ్చిరి. ఆయన వద్దనలేదు. అంతేకాదు, కోట తలుపులకు మ్రానులు కావలెనని రాజు అడవులు కాయువానికి చీటి కూడ వ్రాయించుకొనెను. ఎజ్రా కూడ సైనికులను వద్దన్నాడే గాని రాజు ఇచ్చిన వెండి బంగారములను వద్దనలేదు. ఇది మనము మరచుచుందుము. నెహెమ్యా నాలుగు నెలలు దేవునియెదుట ఏడ్చి ప్రార్థించిన తరువాత రాజునెదుట నోరు తెరచెను. ఒకడు అడుగలేదు, ఒకడు అడిగెను. ఇద్దరిమీదను దేవుని హస్తము తోడైయున్నదని వ్రాయబడినది. ఆ ఇద్దరును రాజు దర్బారుకంటె ముందు మోకాళ్లమీద ఉండినవారే.

ఇప్పుడు మన యిండ్లలోనికి వచ్చెదను. 1950 ఆగస్టు 10వ తేదీ రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడవ పేరా, హిందూ మతమును అనుసరింపనివానిని షెడ్యూల్డు కులస్థునిగా ఎంచరాదని చెప్పెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును అందులో చోటిచ్చిరి. క్రైస్తవులకు ఇయ్యలేదు. మతముతో నిమిత్తము లేకుండ ఆ హోదా ఇయ్యవలెనని రంగనాథ్ మిశ్రా కమిషను 2007లో సిఫారసు చేసెను. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023లో తీర్మానము చేసెను. బాప్తిస్మపు నీళ్లతో ఊరివారి కన్నులలో నుండి కులము కడుగబడలేదని మన పేటలలో ఉన్నవారందరికిని తెలియును. మాలపల్లి మాలపల్లిగానే, మాదిగగూడెము మాదిగగూడెముగానే ఉన్నవి. కాబట్టి ఈ విషయమై అర్జీలు పెట్టుట, కోర్టుకు పోవుట అవిశ్వాసము కాదు. న్యాయమడుగుటయే.

అయితే ఈ ఉత్తర్వు నీడలో మన సంఘములలో ఒక సంగతి పెరిగినది. దానిని పెద్దలు చూచియు చూడనట్లుందురు. ఒకే పిల్లవానికి సంఘపు రిజిస్టరులో ఒక పేరు, బడి రిజిస్టరులో మరియొక పేరు. ఆదివారమున ఒక మతము, దరఖాస్తులో ఒక మతము. కూలి చేసి పిల్లలను చదివించుకొను తల్లిదండ్రులమీద రాయి వేయుటకు నా చేయి లేవదు. ఆ రెండు పేర్ల బాధను వారిమీద మోపినది వారు వ్రాయని చట్టము. పైగా సంఘములోనే కులము చూచి పెండ్లిండ్లు కుదుర్చుకొను మనము, కులపు సర్టిఫికెట్టునుగూర్చి గద్దించుటకు ముందుగా మన బల్లలను మనము చూచుకొనవలెను. అయినను క్రీస్తు నామమును దాచుట సరియని నేను చెప్పలేను. ఉద్యోగము వచ్చిన తరువాత ప్రభువును ఒప్పుకొందునని యువకుడు చెప్పినప్పుడు, కాలువగట్టున నిలిచిన ఆ కూలివారు నాకు జ్ఞాపకము వత్తురు. వారు కూలిని పుచ్చుకొనిరి గాని కూలికొరకు దేనిని అమ్ముకొనలేదు. ఆఫీసునుండి రావలసినది పుచ్చుకొనుటకును, ఆఫీసు అడిగినదంతయు ఇచ్చివేయుటకును నడుమ ఎంతో దూరము కలదు. ఆ దూరములో ప్రతి కుటుంబము ఎక్కడ నిలువవలెనో నేను ప్రసంగపీఠమునుండి గీత గీయజాలను. కాని ఆ ప్రశ్నను వారి యింటిలో వారితో కూడ కూర్చుండి మాటలాడని కాపరి, కాపరియని పిలువబడరాదు.

మరియొక కష్టము మిగిలియున్నది. దేవునియందు నిరీక్షించినవాడు ఎల్లప్పుడు తప్పింపబడునా? హేరోదు యాకోబును కత్తితో చంపించెను. అదే అధ్యాయములో పేతురు చెరసాలనుండి దూతచేత తప్పింపబడెను. యాకోబుకొరకు సంఘము తక్కువగా ప్రార్థించెనని ఎక్కడను వ్రాయబడలేదు. అగ్నిగుండము ఎదుట నిలిచిన ముగ్గురు యూదులు కూడ, దేవుడు తప్పింపగల సమర్థుడని చెప్పి, తప్పింపకపోయినను ప్రతిమకు మ్రొక్కమని రాజుతో చెప్పిరి. మన నిరీక్షణ ఈ లోకపు తప్పింపులను లెక్కబెట్టి కట్టుకొనినదైనయెడల యాకోబు సమాధియొద్దనే కూలిపోయియుండును. పొంతి పిలాతు అధికారము మన ప్రభువుకు అన్యాయపు తీర్పు తీర్చెను. ఆయన సమాధికి ముద్ర వేయించి కావలి కూడ పెట్టించెను. ఒక ప్రభుత్వము చేయగలిగినదంతయు అక్కడ చేయబడినది. మూడవ దినమున తండ్రి ఆయనను లేపెను. మన ప్రజలు తమవారిని మట్టిలో పెట్టి తెల్లవారకముందే సమాధుల తోటకు పోయి ఈస్టరు పాటలు పాడుట ఈ సంగతిని ఎరిగియే. ఏ పథకమును సమాధి దాటి రాదు. అక్కడికి వచ్చువాడు ఒక్కడే.

అపొస్తలుడైన పౌలు కూడ ప్రభుత్వమును అడిగినవాడే. ఫేస్తు ఎదుట నిలిచి, తన న్యాయము కైసరు ఎదుట తీర్చబడవలెనని కోరుకొనెను. రోమా పౌరునికున్న హక్కును విడువలేదు. దానికొరకు సముద్రము దాటెను, ఓడ పగిలెను, మెలితే ద్వీపమున చలికాలము గడపెను. ఇంత ప్రయాణమును లూకా ఒక్కొక్క రేవును పేరుపెట్టి వ్రాసెను. తుదకు రోమాకు చేర్చి, రెండేండ్లు అద్దె యింటిలో కాపురముంచెను. కైసరు ఏమి తీర్పు తీర్చెనో లూకా వ్రాయలేదు. ఆ యింటికి వచ్చినవారినందరిని పౌలు చేర్చుకొని దేవుని రాజ్యమునుగూర్చి చెప్పుచుండెనని వ్రాసి, అక్కడ కలము దించెను.