ముప్పావు ట్యాంకు ధర్మం

సింగపూర్‌లోని బిషాన్‌లో కారు తీసి ఉత్తరం వైపు వెళితే వుడ్‌లాండ్స్ దగ్గర దేశం అయిపోతుంది. కాజ్‌వే దాటితే మలేషియాలోని జొహోర్ బారు. ఆ సరిహద్దు గేటు దగ్గర పాస్‌పోర్టుతో పాటు పెట్రోల్ మీటరు కూడా చూస్తారు. సింగపూర్ రిజిస్ట్రేషన్ ఉన్న కారులో ముప్పావు ట్యాంకు ఇంధనం లేకపోతే దేశం దాటనివ్వరు, 500 సింగపూర్ డాలర్ల వరకు జరిమానా వేయవచ్చు. 1989లో సగం ట్యాంకుతో మొదలైన ఈ నిబంధన 1991కల్లా ముప్పావుకు చేరింది. అవతలి ఒడ్డున చౌకగా నింపుకొని రావడానికి ఖాళీ ట్యాంకుతో వెళ్లేవాళ్లను ఆపడమే దీని ఉద్దేశం. దీన్ని తప్పించుకోవడానికి మీటరునే మార్పించుకున్నవాళ్లు ఉన్నారు. ట్యాంకులో పావు వంతే ఉన్నా ముల్లు ముప్పావు దగ్గర నిలబడుతుంది. చట్టం దృష్టిలో ఇది నేరమని అందరికీ తెలుసు. ఇది అధర్మం కూడానా, లేక పట్టుబడితే జరిమానా కట్టి మరిచిపోదగ్గ చిన్న పొరపాటా అన్నదే ఇక్కడ తేల్చుకోవలసిన ప్రశ్న. ఇది అధర్మమేనని నా నమ్మకం. అయితే ఆ దోషం డబ్బు దగ్గరకంటే ముందు మాట దగ్గర మొదలవుతుంది.

ముందుగా ఏది తప్పు కాదో చెప్పుకోవాలి. సింగపూర్‌లో 2021 ఫిబ్రవరి నుంచి 95 రకం పెట్రోల్ మీద లీటరుకు 66 సెంట్లు, 98 రకం మీద 79 సెంట్లు సుంకం ఉంది. మలేషియాలో ప్రభుత్వం రాయితీ భరించి అమ్మే 95 రకం ధర 2021 నుంచి 2025 దాకా లీటరుకు 2.05 రింగిట్లు, అంటే సింగపూర్ డాలరుకు బాగా తక్కువ. ఇంత తేడా ఉన్నచోట మనిషికి ఆశ పుట్టడం పాపం కాదు. ముప్పావు ట్యాంకుతో బయలుదేరి, అవతల విదేశీ వాహనాలకు అనుమతించిన 97 రకం పోయించుకున్నవాడు ఎవరినీ మోసం చేయలేదు. కానీ ఆ 95 రకాన్ని విదేశీ వాహనాలకు అమ్మకూడదని మలేషియా 2010లోనే నిషేధించింది. ఆ రాయితీ అక్కడి పౌరుల సొమ్ముతో అక్కడి పౌరుల కోసం ఇచ్చినది. ఆ పెట్రోల్‌ను దొంగచాటుగా ట్యాంకులో పోయించుకున్నా, మీటరు ముల్లును అబద్ధమాడించినా దోషం ఒకటే. ఎవరి కోసమో, ఏ పని కోసమో పెట్టిన ధరను మన కోసమేనన్నట్టు నటించి తీసుకుంటున్నాం.

ఊరికే పన్ను ఎగవేయడానికీ, ఇలా నటించి తీసుకోవడానికీ ఉన్న తేడాను మన పూర్వులు చాలా స్పష్టంగా చూశారు. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండో అధికరణంలో శుల్కాధ్యక్షుని, అంటే సుంకాల అధికారి గురించిన అధ్యాయం ఉంది. సుంకం కట్టకుండా సుంకపు ధ్వజం దాటిపోయిన వర్తకుడికి ఆ సుంకానికి ఎనిమిది రెట్లు దండన. సుంకపు చోటును తప్పించుకుపోయేవాడికి, సరుకు లెక్క అబద్ధం చెప్పేవాడికి మనుస్మృతి విధించినదీ ఎనిమిది రెట్లే. అంతకన్నా ఆలోచింపజేసేది అర్థశాస్త్రంలోని మరో విధి. పెళ్లికి, యజ్ఞానికి, పురుటికి, దేవపూజకు, ఉపనయనానికి తీసుకెళ్లే సరుకుకు అసలు సుంకమే లేదు. కానీ వేరే సరుకును ఆ పేరు చెప్పి దాటించినవాడికి పడేది దొంగతనానికి వేసే శిక్ష. సుంకం ఎగవేసినవాడికి ఎనిమిది రెట్ల జరిమానా అన్న కౌటిల్యుడు, మినహాయింపును అబద్ధంతో వాడుకున్నవాణ్ణి నేరుగా దొంగల లెక్కలో వేశాడు. ఎందుకు? మినహాయింపు నిలబడేది నమ్మకం మీద. పెళ్లివారి బండి అని చెబితే నమ్మి వదిలేసే సుంకరి, నాలుగుసార్లు మోసపోయాక నిజమైన పెళ్లివారి బండిని కూడా విప్పి వెతుకుతాడు.

మన ఊళ్లలో జరిగినది అచ్చంగా అదే. రేషన్ షాపులో ఇచ్చే కిరోసిన్‌కు నీలిరంగు కలిపేవారు, అది పొయ్యికీ దీపానికీ ఇచ్చిన నూనె అని ఎవరు చూసినా తెలియాలని. 1993 నాటి కేంద్ర ఉత్తర్వు దాన్ని వేరే పనులకు వాడకూడదంది. అయినా అది డీజిల్‌లో కలిసి లారీలకూ ఆటోలకూ చేరింది. అలా దారి మళ్లిన ప్రతి డబ్బా వల్ల ఎక్కడో ఒక గుడిసెలో దీపం తగ్గింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో మత్స్యకారుల మరపడవల డీజిల్‌పై రాయితీని లీటరుకు 6.03 రూపాయల నుంచి 9 రూపాయలకు పెంచింది. ఆ డీజిల్ రోడ్డు మీది లారీ ట్యాంకులోకి వెళితే, రేపు అధికారి అనుమానంతో చూసేది లారీ యజమానిని కాదు, పడవవాణ్ణి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం, ఏ ధరకు కొన్నా ఇంజన్‌లో మండేది అదే నూనె కదా అని. నిజమే. కానీ ఆవును దానం ఇచ్చేటప్పుడు సంకల్పం చెప్పి నీళ్లు వదిలాక, వస్తువు మారకపోయినా దాని యజమాని మారిపోతాడు. ఆ ఆవును తిరిగి మన దొడ్లో కట్టేసుకుంటే అది మన ఆవే అనిపించుకోదు. రాయితీ కూడా సమాజం చెప్పిన సంకల్పమే. రెండో అభ్యంతరం, దీనివల్ల ఎవరికీ నష్టం లేదని. కానీ ఇంధన కల్తీ ఎక్కడిదాకా వెళ్లిందో చూడండి. 2005 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖీరీలో కల్తీ బంకుపై చర్య తీసుకున్నందుకు ఇండియన్ ఆయిల్ అధికారి మంజునాథ్ షణ్ముగంను కాల్చి చంపారు. 2011 జనవరిలో మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర ఇంధన కల్తీని పట్టుకోబోయిన అదనపు కలెక్టర్ యశ్వంత్ సోనావణేను సజీవంగా తగలబెట్టారు. మీటరు తిప్పుకున్న కారు యజమాని హంతకుడని నేను అనడం లేదు. కానీ ఒక్కొక్కరి చిన్న లాభం కలిసి పెద్ద వ్యాపారం అవుతుంది, దాన్ని కాపాడుకోవడానికి ఎవరో ఒకరు కత్తి పడతారు.

మూడో అభ్యంతరం బలమైనది. పన్నే అన్యాయమైతే ఎగవేయడం తప్పెలా అవుతుంది? జలగ, లేగదూడ, తుమ్మెద తమ ఆహారాన్ని తీసుకున్నట్టు రాజు కొంచెం కొంచెంగానే పన్ను తీసుకోవాలని మనువు కూడా అన్నాడు. కాబట్టి పన్ను బరువుగా ఉందని అడిగే హక్కు ప్రజలకు ఉంది, ఆ అడగడం ధర్మమే. 2021లో సుంకం పెంచినప్పుడు సింగపూర్ ప్రభుత్వం మోటార్‌సైకిళ్లకు ఏడాదిపాటు రోడ్డు పన్నులో 60 శాతం రాయితీ ఇచ్చింది. చిన్నవాడి భారం పాలకుల కంటికి కనిపించాలంటే అతను తన కష్టాన్ని నలుగురిలో చెప్పుకోవాలి. అన్యాయాన్ని ఎదిరించేవాడు తన పేరు చెప్పి, దానికి వచ్చే శిక్షకు సిద్ధపడతాడు. మీటరు తిప్పినవాడు దాక్కుంటాడు. పన్ను మీద అతని ఫిర్యాదు నిజమే కావచ్చు, కానీ అతను చేసిన పని ఆ ఫిర్యాదును ఎవరికీ వినిపించదు, బరువును పక్కవాడి మీదికి జరుపుతుంది, అంతే.

మనం మొదట బయలుదేరిన బిషాన్‌కు తిరిగి వద్దాం. ఆ ఊరికి ఆ పేరు అక్కడి పెక్ సాన్ తెంగ్ శ్మశానం నుంచి వచ్చింది. చైనా నుంచి వలస వచ్చిన కాంటనీస్, హక్కా కుటుంబాలు 1870లో దాన్ని ఏర్పరచుకున్నాయి. 1979లో ప్రభుత్వం ఆ నేలను తీసుకుంది, తర్వాతి ఏళ్లలో సమాధులు తవ్వి అస్థికలు తీశారు. వాటి కోసం కట్టిన భవనం ఒకటి మిగిలింది, మిగతా నేల మీద వేలమంది బతుకుతున్న ఇళ్లు లేచాయి. అది సంతోషంగా జరిగిందని నేను అనను. కానీ ఆ ఇళ్లలో ఎవరు కారు తాళం తీసుకున్నా, వాళ్లు నిలబడినది ఇతరులు వదులుకున్న నేల మీద. పూర్వీకుల సమాధులను వదులుకున్న చోట, మనల్ని అడుగుతున్నది ముప్పావు ట్యాంకు పెట్రోల్, నిజం చెప్పే ఒక ముల్లు.