ఓడలో మొదటి దినములు

వాక్యభాగములు: ఆదికాండము 7:1–16, అపొస్తలుల కార్యములు 27:33–38



గడచిన నెలలో ముదిగొండ ఆదివారపు బడిలో నోవహు చరిత్ర చెప్పుచుండగా ఒక చిన్నపిల్ల లేచి, "అయ్యగారూ, ఓడ ఎక్కిన ఏడు దినములకు గదా వాన వచ్చినది, ఆ ఏడు దినములు వారు లోపల ఏమి చేసిరి?" అని అడిగినది. మాకు వెంటనే జవాబు తోచలేదు. వాక్యము ఆ సంగతి చెప్పుట లేదు. దేవుడు తలుపు మూసెనని మాత్రమే చెప్పుచున్నది. ఆ ప్రశ్న మమ్మును చాల దినములు విడువలేదు.

మనము మున్నేరు దాటినవారమే. భద్రాచలము వద్ద గోదావరిలో లాంచీ ఎక్కినవారును మనలో కలరు. అయితే ఆవలి ఒడ్డు కనబడని నీళ్లమీద వారముల తరబడి నివసించుట మనకు తెలియదు. అది తెలిసిన తెలుగువారు పూర్వము అనేకులుండిరి. 1860వ సంవత్సరము అక్టోబరు నెలలో ట్రూరో అను ఓడ 342 మంది ఒప్పందపు కూలీలతో మద్రాసు విడిచి, నవంబరు 16వ తేదీన దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరెను. వారిలో తెలుగువారు ఉండిరి, క్రైస్తవులును ఉండిరి. చెరకు తోటలలో పనిచేయుటకు 1911 వరకు ఆ నేటాలు దేశమునకు పోయినవారు 1,52,184 మంది. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవునుండి పోయినవారే.

1860లో మద్రాసునకు ఓడలు ఒడ్డుకు వచ్చి నిలుచు రేవు కట్టబడలేదు. ఓడ దూరముగా లంగరు వేసియుండెడిది. మేకులు లేక కొబ్బరి త్రాటితో కుట్టిన మసూలా పడవలలో జనులను కూర్చుండబెట్టి, విరుచుకుపడు అలల మీదుగా ఓడవద్దకు చేర్చెడివారు. మెట్టపొలములో పుట్టి పెరిగిన మనుష్యునికి ఆ మొదటి గడియయే ఎంత భయంకరమో ఆలోచించుడి.

ఓడ కదలిన తరువాత తల తిరుగుట, వాంతులు మొదలగును. దీనికి కారణమును వైద్యులు చెప్పుదురు. చుట్టునున్న గోడలు కదలుట లేదని కన్ను చెప్పును. మనము ఊగుచున్నామని చెవిలోపలి భాగము చెప్పును. ఈ రెండు సాక్ష్యములు కలియక దేహము కలవరపడును. అట్టివాడు క్రింది గదిలో ముడుచుకొని పండుకొనుటకంటె పైకి వచ్చి, నీరును ఆకాశమును కలియు గీతవైపు చూచుచుండిన మేలు. కొన్ని దినములకు దేహము సముద్రమునకు అలవాటుపడును. క్రొత్తగా ప్రభువును నమ్మినవారికిని మొదటి దినములు ఇట్టివే. పాత స్నేహితులు విడుతురు, క్రొత్త నడత కుదురుకొనదు, మనస్సు తిరుగును. అప్పుడు ఓడ దిగుదమని తలంపకుడి. కన్నులు పైకెత్తుడి, కొన్ని దినములు ఓర్చుకొనుడి.

అయితే ప్రియులారా, ఆ మొదటి దినములలో వాంతులకంటె కఠినమైన సంగతి ఒకటి కలదు. అది అన్నము. కూలీలను మోసిన ఓడలలో ఎవరి పొయ్యి వారు పెట్టుకొనుటకు తావు లేదు. అందరికిని ఒకటే వంట. ప్రక్కన పండుకొనినవాడు ఏ కులమువాడో ఎంచుకొను వీలు లేదు. ఊరిలో ఒకరి నీడ ఒకరు తప్పించుకొని నడచినవారు ఓడలో ఒకరి ప్రక్క ఒకరు పండుకొనవలసివచ్చెను. ఊరినుండి తెచ్చుకొనిన పట్టుదల ఆకలియెదుట సడలెను. రోగము వచ్చినప్పుడు నీళ్లిచ్చినవాడే అన్న, తల పట్టినదే అక్క ఆయెను. కలకత్తానుండి పోయిన ఓడలలోనివారు ఒకరినొకరు "జహాజీ భాయి", అనగా ఓడ సహోదరుడా, అని పిలుచుకొనిరి.

పౌలు ఎక్కిన ఓడను చూడుడి. అందులో 276 మంది ఉండిరి. ఖైదీలు, సైనికులు, శతాధిపతి, నావికులు. పదునాలుగు దినములు గాలివానలో భోజనము లేకయున్న వారి మధ్య, సంకెళ్లవాడైన పౌలు రొట్టె పట్టుకొని, అందరియెదుట దేవునికి స్తోత్రము చెల్లించి, విరిచి తినెను. అప్పుడు అందరును ధైర్యము తెచ్చుకొని తినిరి. సైనికులకు ఒక పంక్తి, ఖైదీలకు ఒక పంక్తి వేసిరని లూకా వ్రాయలేదు.

ఇప్పుడు మా సిగ్గును దాచక చెప్పవలెను. పోయిన క్రిస్మసు ప్రేమవిందులో మన సంఘములో రెండు పొయ్యిలు వెలిగినవి. ఈ వాడవారు ఈ ప్రక్కను, ఆ వాడవారు ఆ ప్రక్కను కూర్చుండిరి. ఉదయము ఒకే పాత్రలోనిది పుచ్చుకొని, మధ్యాహ్నము ఒకే కుండలోనిది తినలేకపోతిమి. మేము చూచితిమి. పండుగనాడు గొడవ యెందుకని నోరు మెదపలేదు. రెండు చోట్లను కొంచెము కొంచెము తిని, ఇరువురిని సంతోషపెట్టితిమని తలంచితిమి. అది సమాధానము కాదు, పిరికితనము. దేవుడు మమ్మును క్షమించును గాక.

ఓడలోని కూలీలను ఇరుకు కలిపెను, ఆకలి కలిపెను. మనలను కలుపవలసినది క్రీస్తు రక్తము. ఇరుకు చేసిన పనిని ఆయన రక్తము మనలో చేయలేదని లోకము చెప్పుకొనిన, మన సాక్ష్యమేమగును? మనము బాప్తిస్మము పొంది ఓడ ఎక్కినవారము. తలుపు మూసినవాడు దేవుడు. లోపలనున్నవారిని ఎంచినవాడును ఆయనే. మన ప్రక్కవానిని మనము ఎంచుకొనలేదు, ఆయన ఇచ్చెను.

ఆ నేటాలునకే 1903లో నెల్లూరునుండి జాన్ రంగయ్యగారు సువార్తికులుగా పోయిరి. వారిని పంపినది తెల్లదొరల మిషను కాదు, తెలుగు బాప్తిస్టు సంఘములే. ఆ సంవత్సరమే డిసెంబరు 27వ తేదీన తేయాకు తోటలున్న కియర్స్నీలో తెలుగు సంఘము ఏర్పడెను. చేతిలో పైకము తక్కువైన మన తెలుగు విశ్వాసులు సముద్రము ఆవలి సహోదరులను మరువలేదు. మనమో వీధి ఆవలి సహోదరుని మరచితిమి.

ఆ చిన్నపిల్లకు ఇప్పుడు మా జవాబు ఇది: "అమ్మా, వాక్యము చెప్పలేదుగాని, ఆ ఏడు దినములు వారు కలిసి బ్రదుకుట నేర్చుకొనియుందురు. వాన వచ్చిన తరువాత నేర్చుకొనుటకు తీరిక యుండదు."

రాబోవు కోతపండుగనాడు గుడి ఆవరణములో ఒకటే పొయ్యి వెలిగింతము. బియ్యము రెండు వాడలనుండి రావలెను, వంటవారు రెండు వాడలనుండి ఉండవలెను. పంక్తిలో మొదట మేము కూర్చుందుము. మా ప్రక్కను ఎవరు కూర్చుండినను సంతోషమే. ఎవరును రానియెడల, వచ్చువరకు విస్తరి ముందు కనిపెట్టుకొని యుందుము.

ప్రార్థన: తండ్రీ, మమ్మును ఒకే ఓడలో చేర్చితివి. ఊరినుండి మోసుకొని వచ్చిన గర్వమును సముద్రములో పారవేయుటకు బలమిమ్ము. నీ కుమారుడు విరిచిన రొట్టెను మేము విడదీయకుండునట్లు కాపాడుము. ఆమేన్.