శిశువు వైకల్యము తల్లి దోషమా?

జీవుడు మాతృగర్భమున ప్రవేశించినది మొదలు భూమిపై పడువరకు వాని రక్షణభారమును పరమాత్మయే వహించుచున్నాడని మన విశ్వాసము. తల్లి నిద్రించుచున్నను శిశువు పెరుగుచునే యుండును. ఆమె యెరుగకుండగనే కన్నులు, చెవులు, కాలుసేతులు ఏర్పడుచుండును. అట్టి రక్షణలో నుండిన పసికందు వ్రేళ్లు లేకయో, పాదము వంకరగానో, పెదవి చీలియో జన్మించినపుడు ఆ యింట వెలువడు తొలి ప్రశ్న "ఇది ఎవరి పాపం?" అనునది. ఈ ప్రశ్నకు బదులు చెప్పు నధికారము ఎవరికి కలదు? చెప్పినచో దాని ఫలము నెవరు అనుభవింతురు? ఈ విషయమును విచారింపదలచితిని. ఈ విచారణకు నా యపరాధమే యొకటి కారణము గనుక దానిని ముందుగా నివేదించెదను.

సుమారు ఇరువది యేండ్లకు పూర్వము మా పొరుగూరిలో ఒక యింట బారసాలకు నన్ను పిలిచిరి. ఆడశిశువు. కుడిచేతి మూడు వ్రేళ్లు నడిమి కణుపు వద్దనే ఆగిపోయినవి. ఎడమ పిక్కకు దిగువ, దారముతో బిగించి విప్పినట్లు, చుట్టును లోతైన గాడి యొకటి కలదు. నామకరణము ముగిసిన పిదప శిశువు నాయనమ్మ నన్ను ప్రక్కకు పిలిచి, "శాస్త్రిగారూ, ఒక్కసారి పంచాంగం చూసి చెప్పండి. ఇది కడుపులో ఉన్నప్పుడు గ్రహణం పట్టిందా లేదా? వద్దంటే వినకుండా ఆ రోజు కోడలు కూరలు తరిగింది" అనెను.

పాత పంచాంగము తెప్పించి చూచితిని. గర్భము నిలిచిన మూడవ మాసమున గ్రహణ మున్నమాట వాస్తవము. "ఉన్నదమ్మా" అంటిని. అంతకుమించి ఒక్క మాటయు పలుకలేదు. గడపకు లోపల కూర్చున్న ఆ బాలింత తల వంచుకొన్నది. నేను దక్షిణ పుచ్చుకొని యింటికి వచ్చితిని. నేను చెప్పినది సత్యమే. కాని ఆ సత్యము ఒక యసత్యమునకు సాక్ష్యముగా నిలిచినది. అడిగినదానికి మాత్రమే బదులిచ్చితినని నన్ను నేను సమాధానపరచుకొంటిని. అడిగిన ప్రశ్న వెనుక నున్న తీర్పును నేనెరుగనివాడను కాను.

కొన్నియేండ్ల తరువాత, నా వద్ద సంస్కృతము చదివి వైద్యుడైన శిష్యుడొకడు నన్ను చూడవచ్చినపుడు ఆ శిశువు సంగతి చెప్పి కారణ మడిగితిని. అతడు వివరించిన దిది. గర్భస్థశిశువును ఆవరించి పలుచని పొర యొకటి యుండును. మనవారు దానిని ఉల్బమనిరి. దానిలోని జలమే ఉమ్మనీరు. గర్భారంభ మాసములలో ఏ కారణముననో ఆ లోపలి పొర చిరిగినచో, దాని పీలికలు దారములవలె ఉమ్మనీటిలో తేలుచు శిశువు వ్రేళ్లకో, చేతికో, కాలికో చుట్టుకొనును. అవయవము పెరుగును, దారము పెరుగదు. అందుచేత చుట్టును గాడి పడును, దాని దిగువ భాగము వాచును, రక్తప్రసారము ఆగినచో ఆ భాగము గర్భముననే ఊడిపోవును. ఒక్కొక్కప్పుడు వ్రేళ్లు కొనల వద్ద అతుకుకొనును. బొడ్డుత్రాడునకు చుట్టుకొన్నచో శిశువు ప్రాణమునకే యపాయము.

దీనిని వైద్యులు ఆమ్నియోటిక్ బ్యాండ్ సిండ్రోమ్ అందురు. మనము ఉల్బబంధ మనవచ్చును. 1930లో స్ట్రీటర్ అను శాస్త్రజ్ఞుడు ఈ లోపము పిండము ఏర్పడుటలోనే కలదని తలచెను. 1965లో టార్పిన్ అనునతడు చిరిగిన పొర పీలికలే కారణమని చెప్పెను. నేడు ఎక్కువమంది ఈ రెండవ మతము నంగీకరించుచున్నను, అన్ని సందర్భములకు అది చాలదనువారును కలరు. 1,200 కాన్పులలో ఒకటి మొదలు 15,000 కాన్పులలో ఒకటి వరకు ఇది సంభవించునని వేర్వేరు లెక్కలు కలవు. సాధారణముగా ఇది వంశపారంపర్యముగా వచ్చునది కాదు. మరుసటి కాన్పులో మరల వచ్చుట మిక్కిలి అరుదు. "తల్లి కత్తిపీట ముట్టుకున్నందుకు ఆ పొర చిరగదు, గురువుగారూ" అని నా శిష్యుడనెను. ఆ మాట నన్ను గ్రుచ్చినది.

ఇక గ్రహణము మాట. చీలిన పెదవికి మన భాషలో గ్రహణపు మొర్రి యను పేరే స్థిరపడినది. పేరులోనే తీర్పు ఇమిడియున్నది. కాని జ్యోతిర్గణిత మేమి చెప్పుచున్నది? భూమండలమున ఏటికి నాలుగు గ్రహణములకు తక్కువ యుండవు. అవి రమారమి ఆరేసి మాసములకు ఒక విడతగా వచ్చును. మన దేశమున కనబడని వానిని గూడ లెక్కించినచో, తొమ్మిదిమాసముల గర్భవాసమున ఏదో యొక గ్రహణము తటస్థింపక తప్పదు. దోషము వెదకదలచినవానికి పంచాంగమున గ్రహణము దొరకకపోవుట యుండదు. ఒక్క గ్రహణకాలమున దేశమున లక్షలకొలది గర్భిణులుందురు. ఈ నియమమునే యెరుగని దేశములలో స్త్రీలు ఆ సమయమున తమ పనులు తాము చేసికొనుచునే యున్నారు. వారి శిశువులు అవయవపుష్టితో జన్మించుచునే యున్నారు. గ్రహణకాలమున జపము, స్నానము, దానము చేయుట మన యాచారము. దానిని నేనును విడువలేదు. నియమము వేరు, నింద వేరు. నియమము తన్ను తాను కట్టుకొనుటకు. నింద పరులను కట్టివేయుటకు.

"శాస్త్రము కర్మను కారణముగా చెప్పలేదా?" అని పాఠకులు అడుగవచ్చును. చెప్పినది. దాచుట నాకు తగదు. చరకసంహిత శారీరస్థానము రెండవ యధ్యాయమున గర్భవికృతికి బీజదోషము, జీవుని పూర్వకర్మ, గర్భాశయదోషము, కాలదోషము, తల్లి ఆహారవిహారముల దోషము అని పలు కారణములు చెప్పబడినవి. గర్భోపనిషత్తు తల్లిదండ్రుల మనోవ్యాకులతను చెప్పినది. సుశ్రుతుడు గర్భిణి కోరికలను తీర్పకుండుటయు కారణమనెను. ఈ చివరిమాట ప్రకారము చూచినను దోషము తల్లిది కాదు, ఆమె కోరిక తీర్పనివారిది!

ఆ చరకుడే వెంటనే యొక యుపమానము నొసగెను. వర్షకాలమున ఏటి నడుమ నిలిచిన చెట్టును కొట్టుకొనివచ్చు కట్టెలు, రాళ్లు, నీటివేగము ఎట్లు వికృతము చేయునో, కుక్షియందున్న గర్భమును దోషములు అట్లు చేయునని యతడనెను. ఆ చెట్టును తలచుకొనుడు. అది ఎవరికిని కీడు చేయలేదు. దానిని మోయుచున్న నేలయు చేయలేదు. ప్రవాహములో నేదో కొట్టుకొనివచ్చి తగిలినది. ఉల్బబంధమునకు ఇంతకంటె చక్కని పోలిక నేను కనలేదు.

మరియు తర్కించి చూడుడు. శిశువు తన పూర్వకర్మను అనుభవించుచున్నదన్నచో తల్లి కత్తిపీటకు దానితో పనిలేదు. తల్లి చేసిన పనియే కారణమన్నచో ఒకరు చేసినదానిని వేరొకరు అనుభవించిరని యొప్పుకొనవలెను. అపుడు కర్మసిద్ధాంతమే నిలువదు. ఈ రెండు నిందలను ఒకే నోట పలుకువారు శాస్త్రమును గాక తమ కోపమును వల్లించుచున్నారు. కర్మగతి తెలియరానిదని భగవానుడు గీత నాలుగవ యధ్యాయమున నుడివెను. ఆయన తెలియరానిదన్న దానిని మనము పసిబిడ్డ ముంజేతిపై చదివి చెప్పగలమా? కర్మసిద్ధాంతము తన నడవడిని తాను దిద్దుకొనుటకు ఏర్పడినది. పొరుగువాని దుఃఖమునకు లెక్కకట్టుటకు కాదు. గీత మూడవ యధ్యాయమున, ఉల్బముచే గర్భమువలె జ్ఞానము కామముచే కప్పబడియున్నదని పోలిక కలదు. నాటి బారసాలలో ఉల్బము చుట్టుకొన్నది శిశువు కాలికి మాత్రమే కాదు. నా వివేకమునకును చుట్టుకొన్నది.

పురాణజ్ఞులు అరుణుని కథను జ్ఞప్తికి తెత్తురు. మహాభారతము ఆదిపర్వమున వినత తొందరపడి అండమును పగులగొట్టగా, తొడలు లేని అరుణుడు వెలువడెను. తల్లి తొందరపాటే కారణమని కథ స్పష్టముగా చెప్పుచున్నది. కాని కథ అంతటితో ఆగలేదు. అరుణుడు తల్లిని శపించెను. ఆ శాపమునకు ఐదువందల యేండ్ల గడువు పెట్టెను, రెండవ కుమారుడు విడిపించునని విముక్తిమార్గమును చెప్పెను. మన యిండ్లలో కోడండ్రకు ఇచ్చు శాపమునకు గడువును లేదు, విముక్తియును లేదు. అనూరుడైన ఆ కుమారుని దేవతలు ఎక్కడ కూర్చుండబెట్టిరి? సూర్యరథముపై, పగ్గములు చేతికిచ్చి. లోకము ప్రతి ఉదయమున ముందు చూచునది వానినే.

కారణము తెలిసికొనుటకు నింద ఎన్నడును తోడ్పడలేదు. 1957లో పశ్చిమజర్మనీలో అమ్మకమునకు వచ్చిన థాలిడోమైడ్ అను మందును గర్భిణులు పుచ్చుకొనిరి. పలు దేశములలో పదివేలకు పైగా శిశువులు పొట్టిచేతులతో, పొట్టికాళ్లతో జన్మించిరి. కారణమును కనిపెట్టినది విచారించిన వైద్యులు. 1961లో ఆ మందును అమ్మకమునుండి తొలగించిరి. ఆ తల్లులను నిందించినచో ఇంకెందరు శిశువులు బలియైయుందురో!

పురుషప్రయత్నమునకు చోటున్నచోట దానిని విడువరాదు. గర్భధారణకు ముందునుండియే ఫోలిక్ ఆమ్లము పుచ్చుకొన్నచో వెన్నెముక, మెదడు లోపములు చాలవరకు తగ్గును. రుబెల్లా టీకా వలన చెవుడు, గుండెలోపము వంటివి నివారింపబడును. మేనరికములలో కొన్ని వంశపారంపర్య వ్యాధుల భయ మెక్కువ. ఉల్బబంధమును ముందుగా నివారించు నుపాయము లేదు. కాని పుట్టిన పిదప చికిత్స కలదు. గాడిని కోసి, చర్మమును జడ్ అక్షరపు ఆకృతిలో త్రిప్పి కుట్టి బంధమును విడిపింతురు. గాడికి దిగువ వాపు, రంగుమార్పు ఉన్నచో ఒక్కదినమైనను జాగు చేయరాదు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమమున పుట్టుకలోపములను పరీక్షించు నేర్పాటు కలదు. తిరుపతిలో దేవస్థానమువారి బర్డ్ ఆసుపత్రి అవయవలోపము గలవారి సేవకే వెలసినది. పంచాంగము తెరచుటకు ముందు ఆ త్రోవ చూపుట పురోహితుని ధర్మము.

గత సంవత్సరము ఒక వివాహమున ఆ తల్లి నాకు కనబడినది. కూతురు కాలి గాడిని చిన్ననాడే శస్త్రచికిత్సతో సరిచేసిరట. ఎడమచేత వ్రాయ నేర్చి ఆమె పట్టభద్రురాలైనదట. అంతయు చెప్పి, కొంతసేపు ఊరకుండి, "శాస్త్రిగారూ, ఆనాడు మీరు చూసిన గ్రహణం నిజమేనాండీ?" అని యడిగినది. ఇరువది యేండ్లు ఆ ప్రశ్న నామె మోసినది.

"గ్రహణం నిజమమ్మా. దోషం అబద్ధం. ఆ మాట ఆనాడే చెప్పకపోవడం నా తప్పు" అంటిని.

ఆమె కన్నులు తుడుచుకొని, "అప్పుడే చెప్పి ఉంటే బాగుండేదండీ" అన్నది. నా వద్ద దానికి సమాధానము లేదు. ఇప్పటికిని లేదు.

కావున పాఠకమహాశయులకు నా విన్నపమొక్కటే. అట్టి శిశువు మీ యింటనో, మీ యూరి గుడిలోనో కనబడినపుడు కారణ మడుగకుడు. పేరేమని యడుగుడు. తల్లి శిరస్సుపై ముందుగా అక్షతలు వేయుడు. అనూరుని చేతికి పగ్గములిచ్చిన సూర్యనారాయణుడు ఆ శిశువులను, వారిని కన్న తల్లులను కాపాడుగాక.