పొరుగువాని గోడ

నిరుడు సెలవులకు వచ్చిన మిత్రుడొకడు తన డిజిటల్ కెమెరాను మా చేతికిచ్చెను. ఫ్యూజీఫిల్మ్ సంస్థ 2019లో తెచ్చిన జి.ఎఫ్.ఎక్స్. 100 అది, మీడియం ఫార్మాట్ అందురు. వెలుతురును పట్టు దాని పలక సుమారు 44 మిల్లీమీటర్ల పొడవు, 33 మిల్లీమీటర్ల వెడల్పు. ఒక్క బొమ్మలో 10 కోట్లకు పైగా చుక్కలుండును. బరువైనది గనుక దానితో నడచువాని అడుగు నిదానించును.

సాయంకాలమున మేము మా వీధినే నడిచి, ఒక యింటి తలుపుమీద పడిన యెండను బొమ్మ తీసితిమి. తరువాత దానిని పెద్దది చేసి చూడగా, తలుపు ప్రక్క గోడమీద బొగ్గుతో వ్రాసిన పాల బాకీ, దాని క్రింద కొట్టు బాకీ స్పష్టముగా కనబడెను. ఏండ్ల తరబడి ఆ గోడ ప్రక్కనే నడిచిన మాకు అది ఎన్నడును కంటబడలేదు.

బొమ్మ చక్కగా కుదిరినది. నలుగురికి చూపిన తప్పేమి? గోడ వీధిలోనిదే గదా అని తోచెను. కాని పొరుగువాడు తన గోడమీద వ్రాసికొన్నది తన జ్ఞాపకమునకే గాని మన ప్రదర్శనకు కాదు. అతని నడుగక చూపుటకు మాకేమి హక్కు కలదు?

ఆ బొమ్మను తుడిచివేసితిమి. అయితే చూచిన దానిని మనస్సునుండి తుడిచివేయుట మరియొక తప్పగును. మరునాడు కెమెరా లేకుండ వెళ్లి ఆ తలుపు తట్టితిమి.

చదువరులారా, నేటి సాయంకాలము మీ వీధిని నిదానముగా నడచి చూడుడి.