మిగిలిన నూనె



2025 తపస్సుకాలంలో ఒక శుక్రవారం సాయంత్రం మా గుడిలో సిలువమార్గం జరుగుతోంది. అయిదో స్థలం దగ్గర అందరం మోకరించి లేస్తుండగా వెనుక వరుసలో ఒక తల్లి లేవలేక పక్కకు ఒరిగిపోయింది. ఆడవాళ్లు పట్టుకొని నీళ్లు తాగించారు. నేను మైకులో, "కంగారు పడకండి, ఉపవాసం ఉన్నట్టుంది" అన్నాను. అంతటితో ఆగక, ఆనాటి ప్రసంగంలో ఆమె భక్తిని పదిమందికీ ఆదర్శంగా చూపించాను. ఆ మాట తలచుకొంటే నాకు ఇప్పటికీ సిగ్గు వేస్తుంది.

ఆమెది ఉపవాసం కాదు. మరునాడు ఆసుపత్రిలో సంగతి బయటపడింది. రక్తపోటు మాత్రలు ఆపేసి రెండు నెలలు, పొద్దున పూట తినడం మానేసి అంతకంటే ఎక్కువ. "మాత్రల దుడ్డు కంతుకు చేరస్తా ఉండా ఫాదర్. నాకేమి, గట్టి పిండాన్నే" అంది.

ఆమె పేరు చెప్పను. ఆమె అనుమతితోనే ఇదంతా రాస్తున్నాను. భర్త రేణిగుంట దోవలో షేర్ ఆటో తోలుతాడు. ఆమె తిరుపతిలో ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది. పెద్దమ్మాయి నర్సింగు చదువుతోంది, పిల్లవాడు తొమ్మిదో తరగతి. ఆదివారం సాయంత్రం ఇద్దరినీ మా వరండాలో కూర్చోబెట్టి, పిల్లవాడి నోటుపుస్తకంలోనే లెక్క రాయించాను. ఇద్దరి సంపాదన కలిపి నెలకు 24 వేలు. గ్రూపు బ్యాంకు లోను కంతు 2,900. ఒక ఫైనాన్సు కంపెనీకి 3,200. కుదవ పెట్టిన కమ్మలకు, గొలుసుకు వడ్డీ 600. అంతవరకు ఇద్దరికీ తెలిసినదే. అప్పుడు ఆమె తల వంచుకొని, రోజుకు వంద కట్టే డైలీ ఫైనాన్సు ఒకటి ఉందని చెప్పింది. భర్తకు తెలియదు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత తన సంగతి తానే చెప్పాడు: కూతురి ఫీజుకు బంధువు దగ్గర 50 వేలు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడట. ఆమెకు తెలియదు. ఒకరి కష్టం ఒకరికి తెలియనివ్వకూడదని ఇద్దరూ చేసిన పని! నెలకు కంతులూ వడ్డీలూ 11,200. ఇంటి బాడుగ 5,500. మిగిలిన 7,300లో బియ్యం, గ్యాసు, కరెంటు, పిల్లల ఖర్చులు.

పాత నిబంధనలో రాజుల రెండవ గ్రంథం 4వ అధ్యాయం తెరిచి చూడండి. ప్రవక్తల సమాజానికి చెందిన ఒకాయన అప్పు మిగిల్చి చనిపోతాడు. అప్పు ఇచ్చినవాడు వచ్చి ఇద్దరు కొడుకులను బానిసలుగా తీసుకుపోతానంటాడు. ఆ విధవరాలు చేసిన మొదటి పని ఎలీషా దగ్గరకు పోయి ఉన్నదున్నట్టు చెప్పుకోవడం. ఎలీషా ఆమెను నిందించలేదు, ఎందుకు అప్పు చేశారని అడగలేదు. ఇంట్లో ఏముందని అడిగాడు. ఒక కుండలో నూనె ఉందంది. ఇరుగుపొరుగుల దగ్గర ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకొని, తలుపు వేసుకొని, పిల్లలతో కలిసి నూనె పోయమన్నాడు. పాత్రలన్నీ నిండాయి. ఇక్కడివరకు మనకందరికీ తెలుసు. చివర ఎలీషా చెప్పినది మాత్రం మనం తొందరగా చదివి దాటిపోతాం. నూనె అమ్మి అప్పు తీర్చమన్నాడు, మిగిలినదానితో నీవూ నీ కొడుకులూ బ్రతకండి అన్నాడు. తీర్చడమూ బ్రతకడమూ ఒకే ఆజ్ఞలో ఉన్నాయి. నేను ఇరవై ఏళ్లకు పైగా ఈ భాగం మీద ప్రసంగిస్తూ మొదటి సగమే చెప్పాను. అప్పు ఎగ్గొట్టకూడదు, మాట తప్పకూడదు అన్నాను. నా ముందు కూర్చున్న ఈ తల్లి ఆ సగాన్నే పట్టుకొని తన కడుపు మాడ్చుకొంది.

ఇంకొక చిక్కు మన జపంలోనే ఉంది. పరలోక జపంలో మనం పాపాలకు బదులు "అప్పులు" అనే మాట పలుకుతాం. క్రీస్తు ప్రభువు మాట్లాడిన అరమాయిక భాషలో అప్పుకూ పాపానికీ ఒకే మాట ఉండేది గనుక ఆ వాడుక వచ్చింది. కానీ రోజూ ఆ మాట వినేవారికి అప్పు ఉండడమే పాపమన్న భయం మనసులో దిగిపోతోంది. అప్పులవాళ్లు గుడికి వచ్చినా వెనకే నిలబడి, దివ్యసత్ప్రసాదానికి ముందుకు రాని సందర్భాలు నేను చూశాను. కూతురి చదువుకు చేసిన అప్పు పాపం కాదమ్మా.

సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో మాకు ఒక సంగతి చెప్పారు. గ్రీకు భాషలో వడ్డీకి వాడే మాటకు పిల్ల అని అర్థం. డబ్బు పిల్లలను కనడం ప్రకృతికి విరుద్ధమని అరిస్టాటిల్ వాదం. పరీక్షకు బట్టీ పట్టి మరచిపోయాను. ఆ వాదానికి అర్థం ఆనాటి నోటుపుస్తకంలో కనబడింది. డైలీ ఫైనాన్సువారు పదివేలని రాసుకొని చేతికి 8,500 ఇస్తారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. పదిహేను వందలే గదా అనిపిస్తుంది. కానీ రోజూ తీరుస్తూ పోతున్నాం గనుక, లెక్క కడితే అది నెలకు నూటికి దాదాపు పది రూపాయల వడ్డీ. అదే గ్రూపు లోనుకు, 2022 నాటి పథకం ప్రకారం మూడు లక్షల వరకు ఏడాదికి 7 శాతం, అంటే నెలకు 58 పైసలు. అక్కచెల్లెళ్లారా, పుస్తకాలు రాయడానికీ మీటింగుకు పోవడానికీ విసుక్కొని గ్రూపు మానుకోకండి.

పెళ్లికి చేసిన అప్పు ఎంత దూరం వెంట వస్తుందో ఈ ఊరివారికి నేను చెప్పనక్కరలేదు. మన పొరుగువారు తమ స్వామిని వడ్డికాసులవాడని పిలుచుకునే ఊళ్లోనే గదా మనం ఉన్నాం.

ఆ డైలీ అప్పును వెంటనే తీర్చేయాలని భర్త పట్టుపట్టాడు. వద్దన్నాను. వడ్డీ ముందే కోసుకున్న అప్పు అది. ముందుగా కట్టినా పైసా తగ్గదు. మిగిలిన అరవై రోజులు కట్టి మళ్లీ తీసుకోకపోతే చాలు. మే నెలాఖరుకు అది అయిపోయింది, నెలకు మూడు వేలు చేతికి మిగిలాయి. అసలు వాదన అప్పుడు మొదలైంది. మూడు వేలూ బంధువు బాకీకి కడదామన్నాడు ఆయన. వడ్డీ 1,500తో కలిపి నెలకు 4,500 కడితే పద్నాలుగు నెలల్లో తీరుతుంది. రెండు వేలే కలిపి 3,500 కడితే పంతొమ్మిది నెలలు. తక్కిన వెయ్యి మాత్రలకు, పాలకు, గుడ్లకు, ఆమె పొద్దున టిఫినుకు. "అయిదు నెలలు ఎక్కువ లాగల్నా ఫాదర్?" అన్నాడు. లాగాలన్నాను. ఆయన కంటే ఎక్కువ అడ్డం చెప్పింది ఆమె. తన కోసం ఇంటి సొమ్ము ఖర్చుపెట్టడం ఆమెకు దొంగతనంలా తోచింది. మన ఇళ్లల్లో తల్లులందరికీ ఉన్న జబ్బు ఇది. దానిని త్యాగమని పొగిడి పెంచింది మేము గురువులమే.

ఏలియా ప్రవక్త ఎడారిలో చెట్టు కింద పడుకొని ఇక చావు రమ్మని అడిగినప్పుడు దేవదూత ఉపదేశం చేయలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి, దారి చాలా దూరముంది, తినమన్నాడు. పంతొమ్మిది నెలలు కూడా దూరమే.

అప్పు ఇచ్చినవారితో కూడా ఒక మాట. మీలోనూ ఈ పత్రిక చదివేవారు ఉన్నారు. ఆ బంధువు మన విచారణవాడే. అసలు అంతా ఒక్కసారే ఇవ్వండి, చిల్లరగా తీసుకోనన్నాడు. అలా అయితే వడ్డీ ఎన్నటికీ తగ్గదు. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం ఆయనతో కలిసి చదివాను. తిరుగలి రాయిని కుదవ పట్టరాదని ఉంది అందులో. అది పడితే ప్రాణాన్నే పట్టినట్టు. కుదవ వస్తువు కోసం అప్పులవాడి ఇంట్లోకి జొరబడరాదు, బయటే నిలబడాలి. ఎప్పటి ధర్మశాస్త్రం! 2010 అక్టోబరులో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్సు వసూళ్ల ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగాయన్న గోల మధ్య ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. 2022లో రిజర్వు బ్యాంకు పెట్టిన నియమాల్లోనూ ఆ పాత ధర్మమే కనిపిస్తుంది. వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోట జరగాలి, ఉదయం 9కి ముందూ సాయంత్రం 6 తరువాతా వేధించరాదు, గడువుకు ముందే తీర్చేవారికి జరిమానా వేయరాదు. కుటుంబం కట్టే కంతులన్నీ కలిపి నెలసరి ఆదాయంలో సగం దాటరాదని కూడా ఉంది. మా నోటుపుస్తకంలో 24 వేలకు 11,200. నియమం ప్రకారం గీత లోపలే ఉన్నారు. ఆ తల్లి మాత్రం గుడిలో పడిపోయింది. కాబట్టి గీత ఎక్కడ గీయాలో కాగితాన్ని కాక మీ ఇంటి పొయ్యినీ అడగండి.

బంధువు రెండు వారాలు మాట్లాడలేదు. తరువాత చిల్లరగానే తీసుకుంటానన్నాడు.

నా వంతు కూడా చెప్పుకోవాలి. 2025 జనవరి 1న శాంతి దినోత్సవ సందేశంలో ఫ్రాన్సిస్ పోపుగారు పేద దేశాల అప్పులు రద్దు చేయమని ధనిక దేశాలను కోరారు. అది జూబిలీ సంవత్సరం. ఆ సందేశాన్ని గుడిలో నేనే గట్టిగా వివరించాను. అదే గుడిలో విచారణ పండుగకు చందా ఇచ్చినవారి పేర్లు, రొక్కంతో సహా, ప్రతి ఏడూ చదివి వినిపించేవాణ్ణి. తమ పేరు లేకపోతే బాగుండదని ఈ ఇంటివారు అయిదు వందలు చేబదులు తెచ్చి ఇచ్చారని ఆ వరండాలోనే తెలిసింది. ఇప్పుడు పేర్లు చదవడం మానేశాను. చందా కాస్త తగ్గింది. తగ్గనీ. పండుగ నాడు ఒక బాణసంచా పెట్టె తక్కువైతే దేవమాత ఏమీ అనుకోదు.

నోటుపుస్తకం ఇప్పుడు పిల్లవాడే రాస్తున్నాడు. ప్రతి నెలా మొదటి ఆదివారం పూజ తరువాత ఇంట్లో తలుపు వేసుకొని నలుగురూ లెక్క చూసుకుంటారట. మొన్న నాకు చూపించారు. ఎనిమిది కంతులు కట్టారు, బంధువు బాకీ ఇంకా 32 వేల చిల్లర ఉంది, పదకొండు నెలలు. కమ్మలు ఇంకా కుదవలోనే ఉన్నాయి. ఒక పేజీలో "అమ్మ మాత్రలు" అని పిల్లవాడు ఎర్ర సిరాతో రాసి, దాని కింద రెండు గీతలు గీశాడు. ఆ వరుస ఒక్క నెల కూడా ఖాళీగా లేదు.